బావ గోడకు తగిలించిన గడియారం

నాకు దెయ్యాలంటే భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఇరవై రెండేళ్ళుగా టెక్కలిలో మోటార్లు చుట్టే కొట్టు నడుపుతున్నాను. తీగలో కరెంటు ఉందో లేదో టెస్టరు చెప్పాలి గానీ మనిషి నమ్మకం చెప్పదు. మావాళ్ళెవరైనా గాలి సోకిందనో, నీడ పడిందనో అంటే మొహం మీదే కసురుతాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే తిరిగి నన్ను కసరడానికి చాలామంది కాచుకుని ఉన్నారు.

మా వైపు చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు సౌదీలోనో, ఓడల మీదో పనిచేస్తుంటారు. వచ్చేటప్పుడు మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ మోసుకొస్తారు. కొన్ని నూట పది వోల్టులవి. వెనకాల రాసింది చదవకుండా మన రెండు వందల ముప్పైలో గుచ్చేస్తారు. టప్పున పేలి పొగ వచ్చాక నా కొట్టు గుర్తొస్తుంది. ముందు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండర్రా బాబూ అని మొత్తుకుంటూనే ఉంటాను. అయితే ఆ పెట్టె వోల్టేజిని తగ్గిస్తుంది, అంతే. ఫ్రీక్వెన్సీని ఏమీ చెయ్యలేదు. నేను చెప్పబోయేదంతా ఈ ముక్క మీదే ఉంది.

మా రత్నాలక్కది భావనపాడు. ఆమె మొగుడు తాతారావు బావ సరుకు ఓడలో ఎలక్ట్రీషియన్. పిల్లలు లేరు. బావ ఒకసారి అమెరికా రేవులో పాత సామాన్ల కొట్లో గోడ గడియారం కొన్నాడు. బ్యాటరీతో కాదు, ప్లగ్గు పెడితే నడిచేది. తెల్ల ముఖం, నల్ల ముళ్ళు, సెకన్లకు ఎర్రముల్లు. కొన్నాళ్ళు ఓడలో తన గదిలోనే పెట్టుకుని, తర్వాత సెలవులకు ఇంటికి తెచ్చాడు. నేనే ట్రాన్స్‌ఫార్మర్ కట్టాను. నడిచింది గానీ గంటకు పది నిమిషాలు వెనకబడేది.

అది దాని తప్పు కాదు. మన కరెంటు ఫ్రీక్వెన్సీ యాభై, అంటే సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటుంది. అమెరికాలోనూ, బావ పనిచేసే ఓడలోనూ అరవై. గడియారంలోని చిన్న మోటారు ఆ కొట్టుకోవడాన్ని బట్టే తిరుగుతుంది. అరవైకి చేసినదాన్ని యాభై మీద పెడితే ఎర్రముల్లు ఒక చుట్టు తిరగడానికి డెబ్భై రెండు సెకన్లు పడుతుంది. ఇదంతా విని బావ పడీపడీ నవ్వాడు.

"మా ఓడలో శుభ్రంగా నడిసీదిరా బామ్మర్దీ. మన ఊరి కరెంటుకే ఒళ్ళు బద్ధకం" అన్నాడు.

తీసి పారెయ్యమన్నాను. అక్క ఒప్పుకోలేదు. మా ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. సముద్రం మీదికి వెళ్ళేవాడు గోడకు తగిలించినదాన్ని, అతను తిరిగొచ్చేదాకా ఇంకొకరు దింపకూడదు. చొక్కా అయినా, వల అయినా అంతే. బావ వచ్చినప్పుడల్లా దింపి తుడిచి మళ్ళీ తనే తగిలించేవాడు. ఆయన లేనప్పుడు అక్క రోజూ పొద్దున్న ఏడింటికి ఫోను చూసి, దింపకుండానే వెనక్కి చెయ్యి పెట్టి అక్కడున్న మర తిప్పి ముళ్ళు సరిచేసేది. పదకొండేళ్ళు అలాగే గడిచాయి.

ఒక సోమవారం మధ్యాహ్నం ఓడ కంపెనీవాళ్ళ ఫోను వచ్చింది. తెల్లవారుజామున ఇంజిన్ గదిలో మంటలు లేచాయట. ఓడ వదిలేశారు. అందరూ గాలితెప్పల్లో దిగారు గానీ ఒక తెప్ప జాడ తెలియలేదు. బావ అందులో ఉన్నాడు. నేను కొట్టు మూసి బండి మీద భావనపాడు వెళ్ళేసరికి అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నాకు ఆమెను చూసే ఎక్కువ భయమేసింది.

మంగళవారం పొద్దున్న అలవాటు కొద్దీ ఏడింటికి లేచి ముళ్ళు సరిచేసింది. పది గంటలప్పుడు నన్ను కేకేసింది.

"ఒరే తమ్ముడూ, ఇలా రా. గడియారం సూడు."

చూశాను. సరిగ్గా పది. నా ఫోనులోనూ పది. అది తొమ్మిదిన్నర చూపించాలి.

"దీన్నేటి సేసావురా?"

"నేనేం చెయ్యలేదక్కా."

నిజంగానే చెయ్యలేదు. బండిలోంచి ఫ్రీక్వెన్సీ చూసే మీటరు తెచ్చి ప్లగ్గు దగ్గర పెట్టాను. యాభై. ట్రాన్స్‌ఫార్మర్ అవతల పెట్టాను. యాభై. పక్కింట్లో చూశాను, యాభై. ఫోనులో సెకన్లు పెట్టుకుని ఎర్రముల్లును గమనించాను. చుట్టుకు అరవై సెకన్లు. పదిసార్లు చూశాను. ఆ మోటారు అలా తిరగడానికి వీల్లేదు. ఏ తెలివితక్కువ పొరపాటు చేస్తున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్కకు మాత్రం సందేహం లేదు. "ఓడ కరెంటు మీద నడస్తన్నాది. మీ బావ ఉన్నాడు" అంది. లేచి మొహం కడుక్కుని గంజి పెట్టుకుని తాగింది. ఇంకో రోజైతే అలాంటి మాటకు నేను ఎగిరిపడేవాణ్ణి. ఆ రోజు మీటరు తీసుకెళ్ళి బండిలో పెట్టేశాను.

బుధవారం పది నిమిషాలు కరెంటు పోయింది. గడియారం ఆగిపోయింది. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కరెంటు రాగానే ఎర్రముల్లు కదిలింది. ఆగిన పది నిమిషాలకూ మర తిప్పి సరిచేశాను. మళ్ళీ ఫోనుతో సమానంగా నడిచింది. ఆ రాత్రి అక్క అన్నం తిని పడుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను తల ఎత్తి చూసేసరికి గడియారం ఆరు నిమిషాలు వెనక ఉంది. ఎర్రముల్లును లెక్కపెట్టాను. డెబ్భై రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. డెబ్భై రెండు. రెండు రోజులుగా నేను కూడా ఆ గడియారాన్ని నమ్ముతున్నానని అప్పుడు తెలిసింది.

అక్క లోపలికి వచ్చేలోగా మర తిప్పి ముళ్ళు ముందుకు జరిపాను.

అక్కడితో ఆగలేదు. ఆమె అటు తిరిగినప్పుడల్లా నాలుగైదు నిమిషాలు జరుపుతూ వచ్చాను. నీళ్ళు కావాలనీ, చుట్టం ఎవరో పిలుస్తున్నారనీ ఏదో వంకతో ఆమెను బయటికి పంపేవాణ్ణి. తెల్లవారి ఆమె లేవకముందే రాత్రంతా వెనకబడిన తేడా సరిచేసేవాణ్ణి. జీవితంలో ఒక్క మోటారును కూడా మోసంగా చుట్టి ఇవ్వలేదు. సొంత అక్కను రెండు రోజులు మోసం చేశాను. ఆమె గడియారం వైపు చూసేది, కంచం ముందు కూర్చునేది, తినేది. నాకు కావలసింది అదే.

శనివారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. తెప్ప దొరికింది. ముగ్గురు బతికి ఉన్నారు. బావ లేడు.

తర్వాత ఆ ముగ్గురిలో ఒకతను ఆసుపత్రి నుంచి హిందీలో మాట్లాడాడు. మూడు రోజులూ అందరికీ బావే ధైర్యం చెప్పాడట. నాలుగో రోజు పోయాడట. ఏ పూట అని అడిగాను. గుర్తు లేదన్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

దినాలు అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. నాకు మనసు ఆగలేదు. అక్క దగ్గర కూర్చుని, గురువారం నుంచీ ముళ్ళు తిప్పింది నేనేనని చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"తెలుసురా" అంది. "నల్లముళ్ళు జరిపీవు గానీ ఎర్రముల్లు నడక మార్సగలవేటి? పదకొండేళ్ళు దాన్ని సూత్తన్నాను, నాకు తెల్దా?"

"మరి ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు పడతన్న పాట్లు సూసాను. పోనీ, ఇంకో రెండు దినాలు మీ బావని ఉండనిద్దారని ఊరుకున్నాను."

అంటే ఆ రెండు రోజులూ ఆమె అన్నం తిన్నది నా కోసం. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అక్కే నా వీపు నిమిరింది.

ఆ తర్వాత ఆ గడియారాన్ని గోడ మీదే ఉంచి ఎన్నిసార్లు పరీక్షించానో లెక్కలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాను. నాకన్నా చదువుకున్న ఇంజనీరును అడిగితే, మీ మీటరు తప్పయినా అయ్యుండాలి, మీ కళ్ళు తప్పయినా అయ్యుండాలి అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. కానీ మీటరు తప్పు కాదు, ఇప్పటికీ వాడుతున్నాను. ఎర్రముల్లు మళ్ళీ ఎప్పుడూ అరవైకి రాలేదు. మంగళవారం నుంచి గురువారం దాకా అది దేని మీద నడిచిందో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

గడియారం ఇంకా ఆ గోడ మీదే ఉంది. తగిలించినవాడు వస్తే గానీ దింపకూడదు కదా. అక్క రోజూ ఏడింటికి ఫోను చూసి ముళ్ళు సరిచేస్తుంది. నేను వెళ్ళినప్పుడు అటు చూడకుండా ఉండాలనుకుంటాను. చూస్తాను, ఎర్రముల్లు చుట్టు తిరిగేదాకా లెక్కపెడతాను. లెక్క డెబ్భై రెండుకు వచ్చాక, అన్నం పెట్టమని అక్కను పిలుస్తాను.