టైరుకు పూసిన చెనిక్కాయ నూనె

మొన్న హైవే పక్కన టీకొట్టు ముందు ఒక జీపు ఆగింది. పెద్ద పెద్ద టైర్లు, వాటి అంచులను రిముకు అదిమిపట్టే ఇనుప రింగులు, రింగుల నిండా బోల్టులు. కుర్రాళ్లు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం నడుము నొప్పి గుర్తొచ్చింది. అలాంటి రింగులనే చాలా ఏళ్ల కిందట కళ్యాణదుర్గం వైపు మా మామ ట్రాక్టరుకు బిగించాం.

అది వానలు ఎగ్గొట్టిన ఏడాది. డిప్లొమా మెకానికల్ చదువుతూ సెలవులకు వెళ్లాను. మామ చీనీ తోట, అదే బత్తాయి తోట, తొలి కాపు మీదుంది. సొంత బోరు ఎండిపోయింది. వంక, అంటే వాగు, దాని అవతలి బోరు నుంచి ట్యాంకరుతో నీళ్లు తెచ్చి పోస్తేనే చెట్లు బతుకుతాయి. వంకలో ఉన్నదంతా ఇసుకే. దిగబడకూడదంటే వెనక టైర్లలో గాలి తగ్గించాలి. తగ్గిస్తే టైరు రిము మీద జారి, లోపలి ట్యూబు వాల్వు దగ్గర తెగుతుంది. అందుకే వెల్డింగు షాపులో రింగులు చేయించాం.

బోల్టులు కొనుక్కొని నేను తిరిగొచ్చేసరికి మామ ట్యూబుకు, టైరు అంచుకు వేరుశనగ నూనె పట్టించేశాడు.

"నున్నగ జారతాదని పూసినా. మన చెనిక్కాయ నూనే, కల్తీ లేదప్పా," అన్నాడు.

వాకిట్లోంచి అత్త అందుకుంది: "కూరలో చుక్క ఎక్కువేస్తే అరుస్తాడు. చక్రానికి గిన్నెడు పోసినాడు చూడు!"

నూనె రబ్బరును చెడగొడుతుందని, పట్టు ఉండాల్సిన చోట జారుతుందని చెప్పాను. "చెట్లు సస్తాండాయి. నీ పాఠం సాయంత్రం చెప్పు," అని మామ బిగించుకొని వెళ్లాడు.

నిండు ట్యాంకరుతో వస్తూ వంక నడుమ టైరు రిము మీద జారింది. ముడత పడ్డ ట్యూబు రింగు కింద నలిగి చీలింది. చక్రం పైకెత్తాలంటే బరువు దించాలి. మామే ట్యాంకరు కొళాయి తిప్పి నీళ్లన్నీ ఇసుకలోకి వదిలాడు. "తాగనీలే, దీనికీ దప్పికే గదా," అన్నాడు, చెట్లవైపు చూడకుండా.

మర్నాడు అన్నీ విప్పి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాం. వెల్డింగు గరుకును ఆకురాయితో నున్నగా రుద్దాను. కొత్త ట్యూబులో ముడతలు పోయేంత గాలి మాత్రమే కొట్టి, టైరుకు అంటుకోకుండా అత్త పౌడరు డబ్బా మొత్తం దాని మీద చల్లాను. "నా మొగానికి లేదు గానీ, చక్రానికి సింగారం!" అంది అత్త. ట్యూబు రింగు కిందికి రాలేదని చేత్తో తడిమి చూసుకుంటూ, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించాం.

ఆ ట్యూబు ఎండాకాలమంతా నిలిచింది. వంక అవతలి బోరు మాత్రం వానకు ముందే ఆగిపోయింది. నేను కాలేజీకి బస్సెక్కిన రోజున మామ ఎండిన చెట్లు కొట్టిస్తున్నాడు. రబ్బరు దేన్ని తట్టుకోదో నాకు చదువులో చెప్పారు. చెట్టు ఇంకెన్నాళ్లు ఓర్చుకోగలదో మాత్రం, ఆ నాళ్లు దాటిపోయాకే తెలుస్తుంది.