వలల దిబ్బ

నిన్న మా మనవరాలు టీ పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. ఆ మాడిన వగరు వాసనకి కొల్లేటి ఒడ్డున మా ఊరి దిబ్బ గుర్తొచ్చింది. మన ఈడువాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది, అప్పటివి నూలు వలలు. తుమ్మచెక్క ఉడికించిన ఎర్రటి వగరు కషాయంలో ముంచి ఆరేయకపోతే కుళ్ళిపోయేవి. నా బడి చొక్కాదీ అదే రంగు, అది వేరే కథ. ఊరందరికీ ఆరేసుకోవడానికి ఉన్న మెరక ఆ దిబ్బ ఒక్కటే.

అది ఖాళీ స్థలమని, గోడౌను కట్టుకుంటానని ఏలూరు షావుకారు ఒకాయన అర్జీ పెట్టాడు. సర్వేయరు గొలుసు పట్టుకుని కొలవడానికి వచ్చేసరికి దిబ్బంతా తడి వలలే. వలని కాలితో తొక్కకూడదని ఆయనకీ తెలుసు, అంచునే ఆగిపోయాడు.

"ఎప్పుడు తీస్తారమ్మా ఇవి?"

"ఆరగానే తీసేత్తామండి," అంది మా అమ్మమ్మ.

"ఎప్పటికి ఆరతాయి?"

"ఇయ్యి ఆరేసరికి ఇంకోళ్ళయి తడిసొత్తాయండి. మా తాతలనాటి నుంచీ ఇంతేనండి. కూకోండి బాబూ, మజ్జిగ తెత్తాను."

ఆయన నవ్వాడు. స్థలం ఏనాడూ ఖాళీగా ఉండదని కాగితం మీద రాసి, మాకు చదివి వినిపించి మరీ వెళ్ళాడు. షావుకారు మళ్ళీ మా వైపు రాలేదు.

పొద్దుటినుంచీ నిలబడే ఉన్న అమ్మమ్మ ఆ రోజు సర్వేయరు వెళ్ళాక దిబ్బ అంచున కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.