దింపుడు కల్లం కాడ సినిమా శవం

నేను మూడో తరగతి దాకనే చదువుకున్న. పత్రికకు రాసుడు ఇదే మొదలు. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకుండ్రి.

మాది పాల్వంచ అవతల అడవిల ఊరు. సెల్లుఫోన్లు ఇంకా రాని రోజులల్ల, ఎండకాలం, మా వాగు కాడికి సినిమావాళ్లు షూటింగుకొచ్చిండ్రు. టీవీల పాప్ పాటలు పాడే పిలగాడు అప్పుడప్పుడే సినిమాలల్ల వేషాలు ఏస్తుండు. ఈ సినిమాల ఆయన చచ్చిపోతడు. పాడె మోసేతందుకు నన్ను, మా బావమరిదిని, ఇంకిద్దరిని కూలికి పిలిచిండ్రు.

ఆయనకు ముక్కుల దూది పెట్టి, మొఖం మీద గుడ్డ కప్పిండ్రు. మిట్టమధ్యాహ్నం నాలుగుసార్లు మోయించిండ్రు. ఐదోసారి సగం తోవల మేం అలవాటు కొద్ది పాడె దింపినం. దింపుడు కల్లం కాడ దింపి, చెవుల మూడుసార్లు పిలువకుంట మేమెప్పుడూ ముందుకు పోలే.

"ఎవరు దింపమన్నారయ్యా!" డైరెక్టరు అరిచిండు.

"పిలువు బావా, లేచి పాట పాడుతడేమో" అని బావమరిది నవ్విండు.

నేను వంగి "సారూ" అన్న. పలకలే. మూడోసారి గట్టిగ పిలిచినా కదల్లే. ఇన్నేండ్లల్ల ఎందరినో పిలిచిన గని, పలుకుతరని ఎన్నడూ అనుకోలే. ఆ దినం "పలుకు నాయినా" అని ఏడ్సిన. మా భుజాల మీదనే పాణం పోయిందనుకున్న.

దూది పీకి, వాగు నీళ్లు మొఖాన కొట్టినం. శానాసేపటికి కండ్లు తెరిచిండు. ఎండకు సోయి తప్పిందంట. "షాట్ ఓకేనా?" అనడిగిండు.

అప్పటిసంది ఎవరి పాడె దింపినా, మూడోసారి పిలిచినంక జల్దీ లేపనియ్య. కొంచెంసేపు చూస్త.

రాసుట్ల తప్పులుంటే మీ ఇంటోడే రాసిండనుకొని మన్నించుండ్రి.