లేని అత్త చేతి వంట

అప్పలసూరి పులుసు పెట్టాడంటే అందులో గరిటె నిలబడాలి. పలచటి పులుసు అతని లెక్కలో పులుసే కాదు. మీసం రాకముందు నుంచీ ఫిషింగ్ హార్బర్ బోట్ల మీద వంటవాడిగా వెళ్ళినవాడు. నడిసముద్రంలో కెరటం కొట్టి బోటు ఒక పక్కకి ఒరిగిందంటే పలచటి పులుసు సగం పొయ్యి మీదా, సగం వండేవాడి కాళ్ళ మీదా పడుతుంది. అందుకని చింతపండు చిక్కగా పిసికి, ఉల్లిపాయ నూరిపోసి, గుజ్జంతా ముక్కని పట్టుకుని ఉండేలా దగ్గరికి ఇగరబెట్టడం అలవాటు చేసుకున్నాడు.

ఇప్పుడు బోటు లేదు. వల లాగే ఇనపతాడులో చెయ్యి పడి, కుడిచేతి వేళ్ళు రెండు వంగకుండా పోయాయి. ఆ చెయ్యి చూశాక ఏ బోటువాళ్ళూ పిలవలేదు. పోనీ ఒడ్డున కూర్చుని వలలు బాగుచేద్దామంటే దానికీ ఆ వేళ్ళే కావాలి. కంచరపాలెంలో రైలుపట్టాల వెనక సందులో, రెండు గదుల ఇంట్లో, కదలని పొయ్యి ముందు నిలబడి కూడా అతను కెరటం వస్తుందేమోనన్నట్టే వండుతాడు. కత్తి ఎడంచేత్తో పట్టడం నేర్చుకున్నాడు.

ఆ వంటంతా అతని భార్య నాగమణి క్యారేజీలోకి వెళ్తుంది. నాగమణికి గాజువాక దాటాక ఒక బట్టల కంపెనీలో కుట్టుమిషను మీద పని. తెల్లవారకుండానే కంపెనీ బస్సు కంచరపాలెం మెట్టు దగ్గరికి వచ్చేస్తుంది. ఆమె జడ అల్లుకునేలోపే క్యారేజీ గుమ్మం పక్కన సిద్ధంగా ఉంటుంది. అడుగు గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో కూర, పై గిన్నెలో పెరుగు. బస్సు ఎన్ని గోతుల్లో పడినా చుక్క ఒలకదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. కూర్చోగానే ఎవరి గిన్నె మూత వాళ్ళు వెల్లకిలా పెడతారు. ఆ మూతలో మిగతావాళ్ళు తమ కూర తలా కాస్త వేస్తారు. మూత పెట్టని మనిషికి ఎవరూ వెయ్యరు, ఆ మనిషిని ఎవరూ అడగరు. నాగమణి చేరిన కొత్తలో, ఒక రోజు అందరూ అలా మూతలు పెట్టుకుని ఉండగా, మిషన్ల లైనులో అందరికంటే పెద్దదైన చిట్టమ్మకి హుషారొచ్చింది. పోతమ్మ అనే ఆమెకి జ్వరమొచ్చినప్పుడు ఆమె భర్త కుళాయి దగ్గర కూర్చుని బట్టలుతికాడని ఎవరో చూసొచ్చి చెప్పారు.

"ఒలే పోతమ్మా, మీ ఆయన నీ సీరలు ఉతకడమేనా, కట్టుకుంటాడేటే?" అంది చిట్టమ్మ.

భోజనాల హాలు గొల్లుమంది. నాగమణి కూడా నవ్వింది. నోట్లో మెతుకులు బయటికొచ్చేటంతగా నవ్వింది. పోతమ్మ సగం అన్నం ఉండగానే డబ్బా మూసేసి చేతులు కడుక్కోడానికి లేచిపోయింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే చిట్టమ్మ తన మూతలో నాగమణి వేసిన వంకాయ, ఎండు నెత్తళ్ళ చేపల కూర నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఓలమ్మో! ఇది ఎవులు వండేరే నాగమణీ?"

"మా అత్త" అంది నాగమణి.

నిజానికి అత్త దేముడమ్మ పోయి నాలుగేళ్ళయింది. బతికున్న రోజుల్లో ఆవిడ హార్బర్‌లో చేపలమ్ముకుని, వస్తూ వస్తూ బజార్లో ఇడ్లీ కట్టించుకునే మనిషి గానీ పొయ్యి దగ్గరికి వెళ్ళే మనిషి కాదు. కోడలికీ ఆవిడకీ పొసిగిందీ లేదు. అలాంటి దేముడమ్మ, పోయాక గొప్ప వంటగత్తె అయి కూర్చుంది. రోజూ పొగడ్తలే. "మీ అత్త పులుసు ఇంత సిక్కగా ఎలా పెడతాదే?" అని అడిగితే నాగమణి "ఏటో, ఆవిడ సెయ్యి" అనేసేది. మొదట్లో అలా అన్నప్పుడు మొహం వేడెక్కేది. తర్వాత్తర్వాత అదీ పోయింది.

ఇంటి చుట్టుపక్కల అందరికీ అప్పలసూరే వండుతాడని తెలుసు. అతనికి అందులో దాచేదేమీ కనపడలేదు. బోటు మీద వంట మగపనే కదా, ఒడ్డుకొస్తే అది ఆడపనెలా అవుతుందో అతనికి ఎప్పుడూ తట్టలేదు. సిగ్గంతా నాగమణిదే. మొగుడు ఇంట్లో ఉండి గరిటె తిప్పుతున్నాడని తెలిస్తే, ఆ హాల్లో తన మీద కూడా అలాంటి నవ్వే లేస్తుందని ఆమె భయం.

లైనులో దేవిశ్రీ అని చిన్న పిల్ల. మొదటి కడుపు. ఏం తిన్నా ఇమడక, మిషను మీద తలవాల్చి పడుకునేది. ఒక రోజు ఆ పిల్ల మూతలో నాగమణి వేసిన, గుమ్మడికాయ ముక్కా చిలగడదుంపా కలిపిన బెల్లం పులుసు ఇమిడింది. అప్పట్నుంచీ నాగమణి ఇంట్లో, "మావా, నాకు ఆకలెక్కువేత్తంది, పులుసు ఇంకాస్త ఎక్కువ పెట్టు" అనేది. అప్పలసూరి సంబరపడి ఇంకో గిన్నె తగిలించేవాడు. దేవిశ్రీకి నెలలు నిండుకొచ్చి పని మానేసే వారం వచ్చింది. ఆ పిల్ల అందరి ముందూ ఒక సంచీ తెచ్చి నాగమణి చేతిలో పెట్టింది.

"అక్కా, మా అమ్మ పంపింది. మీ అత్తగోరికి. ఆవిడే నేకపోతే నాను ఏటయిపోదునో."

సంచిలో పసుపురంగు నేతచీర, ఆకుపచ్చ అంచు. పెద్దవాళ్ళు కట్టే రకం. మీద పసుపు కుంకుమ పొట్లం, తమలపాకులు, అరటిపళ్ళు. చిట్టమ్మ అంచు వేళ్ళతో నలిపి చూసి, "మంచి సీరే. ముసిల్దానికి నప్పుద్ది" అంది. నాగమణికి ఆ సంచీ మోసుకొచ్చినంతసేపూ అందులో ఏదో ప్రాణమున్నది ఉన్నట్టే అనిపించింది. ఎక్కడైనా వదిలేద్దామంటే చెయ్యి రాలేదు. ఇంటికొచ్చి మంచం కిందికి తోసింది.

మర్నాడు ఊడుస్తూ అప్పలసూరి చూశాడు. సాయంత్రం ఆమె వచ్చేసరికి చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది మా అమ్మకేనేటే?"

నాగమణి ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో అనుకుంది.

"రేపు అమాస. పెద్దలకి బట్టలెట్టుకోవాలని నానే మర్సిపోనాను. నువ్వు గుర్తెట్టుకున్నావు" అన్నాడతను. "మీ ఇద్దరికీ పడేది కాదు కదే. ఆవిడ నిన్ను ఎన్నేసి మాటలనీది. అయినా తెచ్చేవు."

అప్పుడు చెప్పెయ్యాల్సింది. ఆమె నోరు తెరిచింది కూడా. "సంతలో సవగ్గా వస్తే" అని మాత్రం వచ్చింది. అప్పలసూరి చీరని కళ్ళకద్దుకున్నాడు. మర్నాడు తల్లి పటం ముందు పీట వేసి, అంచుకి పసుపు రాసి పెట్టాడు. నాగమణి పక్కన నిలబడి దణ్ణం పెట్టింది. పటంలో దేముడమ్మ ఎప్పట్లాగే కోపంగా చూస్తోంది. బతికినన్నాళ్ళూ ఆవిడ తప్పులు పట్టేది. ఇప్పుడు పట్టాల్సిన తప్పు పట్టలేకుండా ఉంది, అనుకుంది నాగమణి.

పెద్దలకి పెట్టిన చీరని దాచకూడదు. ఇంటి కోడలే కట్టాలి, కట్టి నలుగురిలోకి వెళ్ళాలి. అది ఆ ఇళ్ళల్లో ఆచారం.

"రేపు డ్యూటీకి ఇది కట్టుకెళ్ళు" అన్నాడు అప్పలసూరి.

"మిషను నూనె మరకలవుతాయి మావా. ఆదివారం కడతాను."

"ఆదివారం ఎవులు సూస్తారే? పనిలోకి కట్టు. ఆవిడ పేరు సెప్పి నాను గారెలు, పరవాన్నం సేత్తాను. మీ వోళ్ళందరికీ పెట్టు."

తెల్లవారుజామున వీధంతా నూనె వాసన. గారెల గిన్నె బరువుగా ఉందని అతనే భుజాన పెట్టుకుని బస్సు దాకా వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నాగమణి పసుపుచీర కట్టుకుని నాలుగడుగులు వెనక నడిచింది. పైన ఇంకో గుడ్డ కప్పుకుందామా అని చూసింది గానీ అంచు ఎలాగూ కనపడుతుంది. బస్సు ఆగింది. తలుపు దగ్గర సీట్లోంచి చిట్టమ్మ తొంగి చూసి చప్పట్లు కొట్టింది.

"సూడండే! ముసిల్దానికిచ్చిన సీర కోడలు కొట్టీసింది!"

అప్పలసూరి కూడా నవ్వుతూనే అడిగాడు. "ముసిల్దెవులప్పా?"

"ఇంకెవులు తమ్ముడూ, మీ అమ్మే! మా దేవిశ్రీ ఇచ్చిన సీర కాదేటి? కడుపుతో ఉన్న గుంటకి పులుసెట్టి పంపింది ఆయమ్మేనట కదా. ఏడాదై ఆయమ్మ సేతి కూర తింటన్నాం మేమందరం."

అప్పలసూరి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. భార్య వంక చూశాడు. ఆమె బస్సు చక్రం వంక చూస్తోంది. చీర ఎక్కడిదో, ఎవరికొచ్చిందో, తను ఏడాదిగా ఎవరి పేరున వండుతున్నాడో అతనికి అక్కడే అర్థమైంది.

"అదా అప్పా" అన్నాడు. "మా అమ్మకి ఆ రంగు నచ్చనేదు. నాకెందుకురా అని కోడలికిచ్చీసింది. నానే కట్టుకోమన్నాను." గిన్నె లోపలికి అందించాడు. వంగని వేళ్ళు పిడిని సరిగ్గా పట్టలేదు, చిట్టమ్మే రెండు చేతులా అందుకుంది. "గారెలు. అమ్మే... అమ్మే వండింది. అందరూ తినండి."

"ఓపాలి తీసుకురా తమ్ముడూ మీ అమ్మని. కాళ్ళకి దణ్ణమెడతాను."

"అలాగేనప్పా. తెత్తాను."

డ్రైవరు హారన్ కొట్టాడు. "ఎక్కవే, ఎల్లిపోద్ది" అన్నాడు అప్పలసూరి ఆమెతో, చాలా మామూలుగా. నాగమణి ఎక్కింది. కిటికీలోంచి చూస్తే అతను చేతిగుడ్డ దులిపి భుజాన వేసుకుని పట్టాల వైపు వెళ్ళిపోతున్నాడు. వెనక్కి తిరగలేదు.

బస్సులో పొగడ్తలు మొదలయ్యాయి. కోడలికి చీరిచ్చిన అత్త ఏ ఊళ్ళో ఉందే అని ఒకరు, అలాంటి అత్తని నాకో నెల అద్దెకివ్వవే అని ఇంకొకరు. ఒక్కో మాటకీ నాగమణి కుంచించుకుపోయింది. తను అబద్ధమాడినందుకు అంత అనిపించలేదు. ఎవరి ముందూ తల దించక్కర్లేని మనిషి, ఆమె కోసం తన చేతి వంటని తనే కాదన్నాడు. అది మింగుడు పడలేదు. గాజువాక జంక్షన్ దగ్గర బస్సు ఆగినప్పుడు ఆమె నోరు విప్పింది.

"అప్పా, మా అత్త నేదు."

"ఎక్కడికెళ్ళిందే?"

"సచ్చిపోయింది. నాలుగేళ్ళయింది. వండేది ఆయనే. మొదట్నుంచీ ఆయనే. దేవిశ్రీకి పులుసెట్టిందీ ఆయనే."

వెనక సీట్లో ఒకమ్మాయి కిసుక్కున నవ్వి, ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేసింది. దేవిశ్రీ మాత్రం "అన్నయ్యా?" అని, పొట్ట మీద చెయ్యేసుకుని కిటికీ వైపు తిరిగింది.

"మరి ఇందాక తెత్తానన్నాడేటే ఆ అబ్బి!" అంది చిట్టమ్మ. అనేశాక ఆమెకే అర్థమై, ఒళ్ళోని గిన్నె మీద చేతులు ముడుచుకుంది.

ముందు సీట్లోంచి, తల తిప్పకుండా, పోతమ్మ అంది. "ఆ రోజు నువ్వూ నవ్వేవు నాగమణీ."

"నవ్వేను."

మధ్యాహ్నం గారెలు అందరి మూతల్లోకీ వెళ్ళాయి. చిట్టమ్మ రెండు తిని, "ఉప్పు సరిపోనాది" అని మాత్రం అంది, పొగడ్తకి మొహం చెల్లనట్టు. పోతమ్మ మాత్రం తన డబ్బా మూత తీసి, బోర్లా పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా తన అన్నం తను తినేసింది.

సాయంత్రం నాగమణి ఇంటికొచ్చేసరికి అప్పలసూరి మర్నాటికి చేటలో చింతకాయలు ఏరుతున్నాడు.

"అందరికీ సరిపోయినాయా?"

"సరిపోయినాయి. సెప్పీసేను మావా. నువ్వే వండుతావని."

అతను ఏరడం ఆపలేదు. "నాను కప్పెట్టేను కదే. ఎందుకిప్పీసేవు?"

ఆమెకి అతను తిడితే బాగుండుననిపించింది. అతను "మా అమ్మకి సారు కాయడమే సరిగ్గా రాదు" అని చిన్నగా నవ్వబోయి, మానేశాడు. "ఏడాదా నాగమణీ?" అన్నాడు.

"ఊఁ."

"బోటు మీద ఎవులు వండేరని ఎవులూ అడగరు. అడగక్కర్నేదు. ఎదురుగా ఉంటాను కదా."

నాగమణి చేట అవతలి పక్కన కూర్చుంది. పోతమ్మ సంగతి, ఆ రోజు నవ్విన సంగతి, ఇవాళ మూత బోర్లా పెట్టుకున్న సంగతి అంతా చెప్పింది. విన్నంతసేపూ అతను ఒకే చింతకాయ వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాడు.

"ఆ బట్టలుతికిన ఆయనికి ఏ కూరంటే ఇష్టమో కనుక్కుని రా" అన్నాడు చివరికి. "సేసి పంపుతాను."

"నాతో మాటాడదు మావా."

"మాటాడకపోతే ఆవిడిష్టం. నువ్వయితే అడుగు."

"అందరి ముందూనా?"

"నవ్వింది అందరి ముందే కదే" అని, అతను చేట ఆమె వైపు జరిపాడు.