ఫొటోలో ఇల్లు

ఆమెను అందరూ రసమట్టం అంటారు, మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే పనిముట్టు పేరుతో. గోడ వెంట్రుకంత ఒరిగినా పట్టేసే కన్ను ఆమెది. ముప్పై ఏళ్లుగా ఎవరెవరి గోడలకో సిమెంటు పూసింది. తనకంటూ ఉన్నది చిన్న జాగా, దాని కాగితం, మంచం పట్టిన అత్త.

ఇల్లు లేనివాళ్లకు సామాను ఇస్తాం, కట్టుకోండి అని ప్రభుత్వం అన్నప్పుడు ఆమె నమ్మింది. పద్ధతి సులువే. పునాదికి ఒక ఫొటో, గోడలకు ఒకటి, కప్పుకు ఒకటి. యజమాని పక్కన నిలబడాలి, ఇంజనీరు తన ఫోనుతో తియ్యాలి. అది పైకి వెళితేనే తర్వాతి సిమెంటు, ఇనుము డిపోలోంచి కదులుతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! గోడలు నడుమెత్తు లేచాక ఇంజనీరు ఇటు రావడమే మానేశాడు. ఆమె చెప్పులరిగేలా తిరిగింది. రెండు వానాకాలాలు అత్తాకోడళ్లు ఆ మొండిగోడల మధ్య టార్పాలిన్ కిందే తడిశారు.

ఒకరోజు ఇంజనీరే కబురు పెట్టి, పక్క వీధిలో ఒక కొత్త ఇంటి ముందు ఆమెను నిలబెట్టాడు. అది అతని బావమరిది ఇల్లు. దానికి ప్లాస్టరింగ్ చేసింది ఆమే. ఇంకా ఎవరూ దిగలేదు, తలుపుకి తాళం వేసి ఉంది.

"ఇక్కడెందుకు సార్?"

"నమూనా ఇల్లమ్మా ఇది. ఈ ఫొటో పెడితే మీ ఫైలు కదులుతుంది. కాస్త నవ్వండి."

నవ్వింది. గోడల వంకర తెలిసిన మనిషికి ఈ మనిషి వంకర తెలియలేదు.

మూడు నెలలైనా ఒక్క బస్తా రాలేదు. ఆఫీసుకెళితే గుమస్తా ఆశ్చర్యపోయాడు.

"అదేంటమ్మా, మీ ఇల్లు పూర్తయిపోయిందిగా! సామానంతా అందినట్టే ఉంది. ఇదిగో, మీరే నవ్వుతున్నారు."

ఆమెకు అప్పుడు వెలిగింది. ఇంజనీరు సామాను ముందే తరలించి, లెక్క సరిపెట్టడానికి ఫొటో తర్వాత తీశాడు. తన పేరున వచ్చిన సిమెంటునే కలిపి, తన చేత్తోనే, కూలికి, ఆ బావమరిది గోడలకు పూసి వచ్చింది. ఏడుపు రాలేదు. వాణ్ణి నలుగురిలో నిలబెట్టి నోరు మూయించకపోతే తన పుట్టుకెందుకు అనుకుంది.

"ఇల్లు పూర్తయిందన్న ఆ కాగితం నకలు ముద్ర వేసి ఇవ్వు బాబూ. పెద్దవాళ్లు చూడ్డానికి వస్తారా?"

"సోమవారం పెద్దాఫీసరు వస్తున్నారు. పూర్తయిన ఇళ్లన్నీ చూస్తారట."

సోమవారం పొద్దున్నే అత్తను తోపుడుబండి మీద పడుకోబెట్టి, రెండు గిన్నెలు, చాప పక్కన పెట్టుకుని వెళ్లి, ఇంకా తాళం వేసే ఉన్న ఆ బావమరిది ఇంటి అరుగెక్కి కూర్చుంది.

ఇంజనీరు పెద్దాఫీసరును వేరే వీధికి తిప్పాలని చూశాడు గానీ, ఫొటోతో పాటు చోటు కూడా నమోదవుతుంది కదా. ఆయన ఫోను చూసుకుంటూ తిన్నగా ఆ అరుగు దగ్గరికే వచ్చాడు.

"ఇల్లు బాగుందామ్మా?"

"బాగుంది సార్. కాగితం కూడా ఉంది, చూడండి. తాళంచెవి మాత్రం ఇంజనీరుగారి బావమరిది దగ్గరే ఉండిపోయింది."

పెద్దాఫీసరు వెనక్కి తిరిగాడు. ఇంజనీరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇల్లు ఈవిడది కాదంటే ఫొటో దొంగది, ఉద్యోగం ఊడుతుంది. అవునంటే ఇల్లు పోతుంది. జనం చూస్తున్నారు. ఐదు నిమిషాల్లో బావమరిది పరుగెత్తుకొచ్చాడు. ఇంజనీరు అతని చేతిలోంచి తాళంచెవి లాక్కుని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తాళం తీసి, అత్తను లోపలికి చేర్చింది.

వారం తిరక్కుండా ఇంజనీరు ఒంటరిగా వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"నీకు దణ్ణం పెడతానమ్మా, ఖాళీ చెయ్యి. కొత్తింట్లో దిగుదామని అద్దిల్లు వదులుకున్న బావమరిది సంసారమంతా మా ఇంట్లో దిగింది. మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వట్లేదు. నీ జాగాలో ఇల్లు నేను కట్టించి ఇస్తాను."

ఆమె అత్తకు గంజి తాగిస్తూ తలెత్తలేదు.

"పాపం, తలదాచుకోవడానికి చోటు లేదా సార్? మా జాగాకి వెళ్లండి. గోడలు నడుము దాకా ఉన్నాయి, టార్పాలిన్ అక్కడే వదిలొచ్చాను. ఉత్తరం వైపు కారుతుంది, తల అటు పెట్టుకోకండి."