కోటలో ఎంగిలి కంచాలు

ఆ కోట మీదికి ఎన్నో సైన్యాలు వచ్చాయట. ఒకాయన గోడ పగలగొట్టాడు, ఇంకొకాయన బురుజు కూల్చాడు, మరొకాయన కప్పు మీది సీసపు రేకులు కూడా ఊడబెరుక్కుని పోయాడు. ఇంతమందిలో ఒక్కడు కూడా భోజనాల బల్ల జోలికి పోలేదు. ఆ పనొకటి మిగిలిపోయిందని కాబోలు, దేవుడు నన్ను సింగపూర్‌లో విమానం ఎక్కించి ఇంగ్లండు పంపించాడు. వెళ్ళాను, బల్ల ఖాళీ చేశాను, తిరిగి వచ్చాను. ఎలాగో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రావడానికి కొన్నేళ్ళు పట్టింది.

అసలు దీనికి మూలం కాకినాడలో, నా పెళ్ళయిన మర్నాడు ఉంది. అత్తవారింట్లో భోజనం చేసి, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, త్రేన్చి, లేచి వెళ్ళి ఉయ్యాలబల్ల మీద కూర్చున్నాను. మా ఆవిడ సుజాతకి సుమతి అని ఒక అక్క ఉంది. ఆవిడ కాలేజీలో చరిత్ర చెప్పేది. గుమ్మంలో నిలబడి నా కంచం వంకా నా వంకా చూసి, నాకు వినబడేలాగే అంది.

"సుజీ, మీ ఆయన తిన్న కంచం తీయడే."

అంతే. రాజుల మీద తీర్పులు చెప్పీ చెప్పీ అలవాటైన మనిషి కదా, నా మీద కూడా చెప్పేసింది. తర్వాత నేను ఉద్యోగంలో పైకొచ్చాను, సింగపూర్ వచ్చి యూ టీ అనే పేటలో ఫ్లాట్ కొన్నాను, కూతురు పుట్టింది. వదిన దృష్టిలో మాత్రం కంచం తీయనివాడిగానే ఉండిపోయాను.

కానీ మీకు తెలియనిదేమిటంటే, ఈలోగా సింగపూర్ నన్ను మార్చేసింది. ఇక్కడ తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో తిని, పళ్ళాలు బల్ల మీదే వదిలేసి పోతే మొదట హెచ్చరిస్తారు, ఆనక జరిమానా వేస్తారు. ఒకసారి యూనిఫాం వేసుకున్నాయన అందరి ముందూ నా భుజం తట్టి "అంకుల్, ట్రే" అన్నాడు. ఆ ఒక్క తట్టుతో మా అమ్మ వల్లా మా ఆవిడ వల్లా కానిది అయిపోయింది. ఆ తర్వాత నా ట్రే నేను తీయడమే కాదు, కూర్చోబోయే బల్ల మీద ఎవరిదో ఎంగిలి ఉన్నా నేనే ఎత్తి అరలో పెట్టి, తుడిచి, చోప్ చేసేవాణ్ణి. చోప్ అంటే పెద్ద విద్యేమీ కాదు. ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్ళామంటే ఆ బల్ల మనది. ఇక ఎవరూ దాని జోలికి రారు.

ఈ కొత్త మనిషిని వదిన చూడలేదు. చూపించాలని నాకు మహా దుగ్ధగా ఉండేది.

వదిన అప్పటికి ఇంగ్లండులో ఉంటోంది. వారం వారం సంత జరిగే ఒక చిన్న ఊళ్ళో ఆవిడ భర్త డాక్టరు. అన్నయ్యగారికి ఆసుపత్రిలో ఊపిరాడని పని, ఆవిడకి ఇంట్లో తోచని ఖాళీ. కాకినాడలో చెప్పిన చరిత్ర అక్కడ ఎవరికీ అక్కరలేకపోయింది. ఎన్నో చోట్ల అడిగి, విసిగిపోయి, చివరికి ఊరి పక్కనున్న కోటలో జీతం లేకుండా చేరింది. ఒక వేసవిలో మేం ముగ్గురం ఆ ఊరు వెళ్ళేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"శుక్రవారం కమిటీ వాళ్ళు వస్తున్నారు మరిదిగారూ. నేను సిద్ధం చేసిన గది చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. నచ్చకపోతే మళ్ళీ వంటింట్లోకే" అంది.

"ఏం గది వదినా?"

"ఇప్పుడు చెప్పను. చూద్దురుగాని."

చెప్పి ఉంటే ఈ కథే లేదు.

శుక్రవారం దాకా ఊరి చుట్టూ ఉన్న శిథిలాలన్నీ తిరిగాం. ఒకచోట మెట్లున్నాయి, మేడ లేదు. ఇంకోచోట కిటికీ ఉంది, దాని చుట్టూ గోడ లేదు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తే, వెళ్ళాక కూడా బయటే ఉన్నాం. కాస్త పాతబడిన బిల్డింగుని పడగొట్టి కొత్తది లేపే ఊళ్ళో పెరిగిన మా పదేళ్ళ నిత్య ఒకచోట ఆగి అడగనే అడిగింది.

"డాడీ, వై దే నెవర్ రిపేర్ వన్?"

"రిపేర్ చేస్తే టికెట్ కొనరమ్మా" అన్నాను. అప్పటికి నా తెలివి బాగానే పనిచేస్తోందని దీన్నిబట్టి మీరు గ్రహించాలి.

శుక్రవారం వచ్చింది. సన్నగా వాన. వదిన పట్టుచీర కట్టుకుని, దాని మీద రెయిన్‌కోటు వేసుకుని మమ్మల్ని కోటకి తీసుకెళ్ళింది. అక్కడ కప్పున్నవి రెండే గదులు, ఒకటి పొడుగాటి హాలు, దాని పక్కనే టీ దుకాణం. "మీరు టీ తాగుతూ ఉండండి, నేను గేటు దగ్గరికి వెళ్ళి కమిటీ వాళ్ళని తీసుకొస్తా" అని వదిన వెళ్ళింది. సుజాత టీ కోసం క్యూలో నిలబడింది. టీ దుకాణంలో కుర్చీలన్నీ నిండిపోయాయి. పక్కనున్న తలుపు తోసి చూద్దును కదా, హాల్లో పెద్ద బల్ల.

ఆ బల్లని ఏమని చెప్పను. పెళ్ళివారి బంతి లేచాక ఊడ్వకుండా వదిలేసినట్టుంది. సగం కొరికిన రొట్టెలు, నమిలి పారేసిన ఎముకలు, బోర్లా పడ్డ లోటాలు, గుడ్డ మీద ఎర్రటి మరక, వెనక్కి పడిన కుర్చీలు. అడ్డంగా తాడు లేదు, ముట్టుకోవద్దన్న బోర్డు లేదు. కమిటీ వాళ్ళు దగ్గరికొచ్చి చూడాలని వదిన పొద్దున్నే వాటిని తీసి మూల పెట్టిందని నాకేం తెలుసు?

నాకు తెలిసింది ఒక్కటే. ఇంకాసేపట్లో వదినని ఉద్యోగంలో పెట్టుకునే పెద్దలు వస్తున్నారు, గది చూస్తే ఇలా ఏడ్చింది. టీ తాగినవాళ్ళు ఇలా పడేసి పోతే పాపం వదిన పరువేం కావాలి?

నేను చొక్కా చేతులు మడిచాను. నిత్య భయపడి, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి అంది.

"డాడీ, దిస్ వన్ నాట్ అవర్ ట్రే లా."

"మనది కాకపోతేనేం, పెద్దమ్మ ఆఫీసు కదమ్మా. వెళ్ళి పెద్ద ట్రే ఒకటి పట్టుకురా."

ఎముకలు చెత్తబుట్టలో వేస్తే టకటకమన్నాయి. రొట్టె రాయిలా ఉంది. ఇంగ్లండులో రొట్టె ఇలాగే ఏడుస్తుంది కాబోలు అనుకుని అది కూడా బుట్టలో పడేశాను. కొయ్య పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, లోటాలు ఏరి, టీ దుకాణం గిన్నెలు కడిగే చోటికి మోసుకెళ్ళాను. అక్కడున్నావిడ కొత్తది కాబోలు, "ఎంత మంచివారండీ" అని మురిసిపోయి అన్నీ మెషీన్లో తోసింది. మరక గుడ్డ కూడా లాగి ఆవిడకే ఇచ్చాను. తడిగుడ్డతో బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచాను. కుర్చీలు లేపి వరసగా పెట్టాను. మేం కూర్చోవాలి కదా, బల్ల నట్టనడుమ నా టిష్యూ ప్యాకెట్ పెట్టాను.

అప్పుడే వదిన గొంతు వినబడింది. కమిటీ వాళ్ళు ముగ్గురు, తెల్లజుట్టు అధ్యక్షురాలు, లెక్కలు చూసే పొడుగాటి పెద్దాయన, అసలు మాట్లాడని ఇంకో ఆయన. వదిన వాళ్ళవైపు తిరిగి, బల్లకి వీపు పెట్టి, వెనక్కి నడుస్తూ చెబుతోంది. నేను తడిగుడ్డ భుజాన వేసుకుని, వదిన మెచ్చుకోలు కోసం ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"విందు సగంలో ఉంది. శత్రువులు గుమ్మం దాకా వచ్చారని కబురొచ్చింది. ప్రభువు చేతిలో రొట్టె వదిలేసి పారిపోయాడు. ఆ క్షణాన్ని నేను ఇక్కడ ఆపేశాను. చూడండి, ఎక్కడివక్కడే..."

అధ్యక్షురాలు కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఎక్కడ?" అంది.

వదిన వెనక్కి తిరిగింది.

పెద్దాయన వంగి నా టిష్యూ ప్యాకెట్ ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది ఆ కాలం నాటిదేనా?" అని అడిగాడు.

"కాదండీ, అది నాది. మా సింగపూర్‌లో ఇది పెడితే బల్ల మనదని అర్థం" అన్నాను.

"ఓహో. అంటే ఈ కోట ఇప్పుడు మీదన్నమాట."

వదిన ముఖాన నవ్వు చెదరనివ్వకుండా నాతో తెలుగులో మొదలెట్టింది.

"మరిదిగారూ, పళ్ళాలేవీ?"

"కడగడానికి ఇచ్చేశాను వదినా."

"ఎముకలో?"

"పారేశాను."

"రొట్టె?"

"గట్టిపడి పాడైపోయింది వదినా, ఎవరైనా తింటారేమోనని..."

"అది ఉప్పుపిండితో చేసిన రొట్టె మరిదిగారూ. చలికాలమంతా కూర్చుని చేశాను. ఎముకలకి నేనే రంగులేశాను."

ఆ నవ్వు అప్పుడు చెదిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పడానికి సిగ్గేముంది, నాకు కూడా ఏడుపొచ్చింది. నిత్య నా చొక్కా పట్టుకుని "ఐ టోల్డ్ యూ లా" అంది. ఆ మాట అనకపోయినా నాకు గుర్తుంది.

అధ్యక్షురాలు జాలిగా గొడుగు తీసుకుంది. "మరోసారి చూద్దాం లెండి సుమతీ" అంది. మరోసారి అంటే ఎప్పటికీ లేదని ఏ దేశంలోనైనా ఒకటే అర్థం.

సరిగ్గా అప్పుడే మా సుజాత టీ కప్పులతో, భుజానికి సంచీతో లోపలికొచ్చింది. ఆ సంచీలో మా మధ్యాహ్నం భోజనం ఉంది. శిథిలాల దగ్గర అమ్మే చప్పిడి శాండ్‌విచ్‌ల మీద మాకు నమ్మకం లేదు కాబట్టి పొద్దున్నే లేచి పులిహోర, కోడివేపుడు, అప్పడాలు కట్టుకొచ్చాం. వదిన ఆ సంచీ వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత వచ్చిన గొంతు వదినది కాదు, కాకినాడ కాలేజీలో ఆఖరి బెంచీదాకా వినబడే లెక్చరర్‌ది.

"మరోసారి వద్దు. ముగ్గురూ కూర్చోండి."

కూర్చున్నారు. మాట్లాడని ఆయన అందరికంటే ముందు కూర్చున్నాడు.

మెషీన్లోంచి తీసిన పళ్ళాలు పొగలు కక్కుతూ మళ్ళీ బల్ల మీదికి వచ్చాయి. సుజాత వడ్డించింది. నన్ను కూడా కూర్చోబెట్టారు, చేతులు కట్టేసినట్టుగా. వదిన వాళ్ళకి కోట కథ చెబుతూ, చేత్తో తినడం ఎలాగో చూపిస్తూ, మధ్యమధ్య లోటాల్లో నీళ్ళు పోస్తోంది. అధ్యక్షురాలికి అప్పడం తెగ నచ్చింది. పెద్దాయన మాత్రం వేపుడు ముక్క నోట్లో పెట్టుకుని ఎర్రబడిపోయాడు. మా ఆవిడ కారం సామాన్యమైంది కాదు.

ఉన్నట్టుండి వదిన గరిటె తీసి లోటా మీద ఠంగుమని కొట్టి, తెలుగులోనే అరిచింది.

"శత్రువులొచ్చారు! లేవండి! పరిగెత్తండి!"

ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు, అందరం లేచి పరిగెత్తాం. కుర్చీలు పడ్డాయి, లోటాలు దొర్లాయి. పెద్దాయన శత్రువులకంటే ముందు వేపుడుకే లేచి ఉన్నాడు కాబట్టి అందరికంటే ముందు వాకిట్లో తేలాడు. వానలో రొప్పుతూ నిలబడ్డ మమ్మల్ని వదిన మళ్ళీ లోపలికి పిలిచింది.

"ఇప్పుడు చూడండి. ఎక్కడివక్కడే."

సగం కొరికిన అప్పడాలు, ఎముకలు, బోర్లా పడ్డ లోటాలు, గుడ్డ లేని బల్ల మీద పసుపుపచ్చని పులిహోర. ఎవరి కంచం ముందు వాళ్ళు నిలబడి, తాము వదిలేసిన ముద్దని తామే చూసుకున్నారు. అధ్యక్షురాలు తన సగం అప్పడం మీదికి వంగింది. "పారిపోవడమంటే ఇదా" అంది మెల్లగా. తర్వాత వదిన చెయ్యి పట్టుకుని, ఉద్యోగం ఆవిడదేనని, సంత జరిగే రోజుల్లో ఊరివాళ్ళందరికీ ఇలాగే చేయించాలని చెప్పింది. మాట్లాడని ఆయన మొదటిసారి నోరు విప్పి, ఆ రోజుల్లో కూడా అప్పడాలు ఉంటాయా అని అడిగాడు.

వదిన వాళ్ళని సాగనంపడానికి గేటుదాకా వెళ్ళింది. సుజాత, నిత్య కూడా వెనకాలే వెళ్ళారు. హాల్లో నేనూ, ఆ బల్లా మిగిలాం.

ఇప్పుడవి నిజం ఎముకలు. నిజం ఎంగిలి. నా చేతులు వాటంతట అవే లేవబోయాయి. నేను వాటిని తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. ప్రాణం పోయినా సరే, ఈ కోటలో ఇంకో కంచం ముట్టుకోనని గట్టిగా అనుకున్నాను.

వదిన తిరిగొచ్చింది, వెనకాలే సుజాత, నిత్య. ఉద్యోగం వచ్చిన ఆనందంలో నన్ను క్షమించేసినట్టే ఉంది. బల్ల చూసింది. కుర్చీలో రాయిలా కూర్చున్న నన్ను చూసింది.

"వాళ్ళు వెళ్ళి ఇంతసేపైందిగా, ఇవన్నీ ఇంకా ఇలాగే ఉన్నాయేంటి?"

"మీరు తీయమనలేదు కదా వదినా."

వదిన నిట్టూర్చి, చెల్లెలి వైపు తిరిగింది.

"సుజీ, నేను కాకినాడలోనే చెప్పాను. మీ ఆయన తిన్న కంచం తీయడే."

అయ్యా, అమ్మా, అందుకని సింగపూర్ తిరిగొచ్చిన వారమే యూ టీ హాకర్ సెంటర్‌లో, ట్రేలు పెట్టే అర ముందు, సాంబారు మరకలున్న నా ట్రే రెండు చేతులా పైకెత్తి పట్టుకుని మనసులో ప్రమాణం చేశాను. నేను తిన్న కంచం వదలను. నేను తినని కంచం తీయను. ఎవరి రొట్టెనైనా నొక్కి చూడనిదే బుట్టలో వేయను. టిష్యూ ప్యాకెట్‌తో ఏ దేశపు కోటనీ ఆక్రమించను. ఈ మాట తప్పితే జన్మజన్మలకీ మా వదినకే మరిదిగా పుడతాను.

కళ్ళు మూసుకుని ఇంకా ఏదో చేర్చబోతుంటే వెనక నుంచి ఒక ఆంటీ నా వీపు మీద పొడిచింది.

"అంకుల్, ప్రేయింగ్ ఆర్ వాట్? పుట్ ద ట్రే లా!"