గోపాలప్ప పెట్టే లెవెల్

గోపాలప్ప ఆట ఆడడు. ఆటను ఏ లెవెల్లో ఆడాలో తేలుస్తాడు. ఈ రెంటికీ ఉన్న తేడా మదనపల్లెలో కృష్ణవేణికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ తేల్చడం మూడేళ్లపాటు ఆమె నెట్ సెంటర్‌లోనే, కిటికీ పక్కనున్న నాలుగో నంబరు కంప్యూటర్ ముందే జరిగింది.

ఆయనది కురబలకోట. గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టి, పుంగనూరులో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా ఇరవై రెండేళ్లు చేసి, రెండువేల ఒకటిలో రిటైరయ్యాడు. పెన్షన్ అర్జీ టైపు చేయించుకుందామని ఒకరోజు కృష్ణవేణి దగ్గరికి వచ్చి, పక్క తెర మీద రెక్కల సింహాలు, ఒంటికన్ను రాక్షసులు తిరుగుతుంటే చూసి అలాగే నిలబడిపోయాడు. అర్జీ సంగతి మరో వారం దాకా గుర్తు రాలేదు.

సీడీ మీద పేరు ఎప్పుడో చెరిగిపోవడంతో అందరూ దాన్ని కోటలాట అనేవారు. చిన్న కోటతో మొదలుపెట్టి, సైన్యాన్ని పెంచుకుని, కొండమీది డ్రాగన్ రాజు కోటను పట్టుకోవాలి. మొదలుపెట్టే ముందు తెర మీద ఐదు డాళ్ల బొమ్మలు వరసగా కనిపిస్తాయి, ఒక్కో డాలు ఒక్కో లెవెల్. ఈజీ, నార్మల్, హార్డ్, వెరీ హార్డ్, నైట్‌మేర్. జనం ఏదో ఒకటి నొక్కి యుద్ధానికి పోతారు. గోపాలప్ప మాత్రం ఆ ఐదు డాళ్ల దగ్గరే కాపురం పెట్టాడు.

మొదటి నెలంతా ఆయన నైట్‌మేర్ తప్ప వేరేది ముట్టలేదు. నొక్కడం, రెండు నిమిషాల్లో కోట కాలిపోవడం, మళ్లీ నొక్కడం. చూడలేక కృష్ణవేణి అడిగింది.

"ఎందుకు సార్, అంత కష్టమైంది పెట్టుకుంటారు?"

"గుర్రం కోసరమమ్మా."

"ఏం గుర్రం?"

"మేర్ అంటే ఆడగుర్రం కదా. ఆసుపత్రి రిజిస్టర్లో నా చేత్తో రాసినాను ఎన్నోసార్లు. నైట్ మేర్ అంటే రాత్రిపూట వచ్చే ఆడగుర్రం. అది వస్తే యుద్ధం మనదే. ఇంతవరకూ రాలేదు, యాల రాలేదో తెలీదు."

ఆమె నవ్వు ఆపుకుని, ఆ మాటకు పీడకల అని అర్థమని చెప్పింది. గోపాలప్ప కాసేపు తెర వంక చూసి, "నెల దినాలు పీడకలకు గడ్డి కోసుకొని కాసుక్కూచున్నానే," అని, రెండు డాళ్లు కిందికి దిగాడు.

ఆ తర్వాత అసలు కథ మొదలైంది. హార్డ్‌లో పది నిమిషాలు ఆడతాడు. "ఘాటెక్కువైంది" అని ఆపేస్తాడు. నార్మల్‌లో పది నిమిషాలు. "సప్పగా ఉండాది" అని ఆపేస్తాడు. మళ్లీ హార్డ్. సెంటర్‌లో కరెంటు పోతే ఆడేవాళ్లంతా తలలు పట్టుకునేవాళ్లు, గంటల కొద్దీ కట్టుకున్న కోటలు పోయాయని. గోపాలప్ప ఒక్కడే నింపాదిగా కాళ్లు చాపుకునేవాడు. ఆయనకు పోవడానికి ఏమీ ఉండేది కాదు. డాళ్ల దగ్గరే ఉండేవాడు గనక.

"మూడేండ్లాయ సార్, ఒక్కసారన్నా డ్రాగన్ రాజు మొగం సూసినారా?" అని కృష్ణవేణి దెప్పితే, ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పి, బోధించేవాడు.

"గొర్రెలకు పురుగులమందు తాపేది ఎట్లనుకుంటాండావు? దాని బరువు సూడల్ల. కడుపుతో ఉండాదా సూడల్ల. ముందర దినం ఏం మేసిందో కనుక్కోవల్ల. డోసు ఎక్కువైతే గొర్రె పోతాది. తక్కువైతే పురుగు పోదు. ఆట కూడా మందేనమ్మా. సరైన డోసు తెలీకుండా తాగకూడదు."

ఈ డోసు చూసే గుణం ఆటతో ఆగి ఉంటే బాగుండేది. సెంటర్‌లో ఫ్యాన్ రెగ్యులేటర్‌కు ఐదు అంకెలు ఉండేవి. రాగానే ఒకటి నుంచి ఐదు దాకా తిప్పి, ఒక్కొక్క అంకె దగ్గర అరచెయ్యి పైకెత్తి గాలి పరీక్షించి, చివరికి రెండుకూ మూడుకూ మధ్యన నిలబెట్టేవాడు. ఆ మధ్యన ఫ్యాన్ తిరగదు. అయినా ఆయన తృప్తిగా కూర్చునేవాడు. ఎదురుగా ఉన్న హోటల్‌లో మిరపకాయ బజ్జీల వాయి దిగితే, ఒక్కొక్కదాని తొడిమ దగ్గర వాసన చూసి, "ఇది హార్డ్, నాకొద్దు. ఇది ఈజీ, మా ఇంటామెకు కట్టు" అనేవాడు. హోటల్ వెంకటస్వామి మొదట విసుక్కున్నాడు గానీ, రాను రాను ఆ ఎంపికకు పేరొచ్చింది. కారం తినలేని వాళ్లు గోపాలప్ప వచ్చే టైముకే బజ్జీలకు వచ్చేవాళ్లు.

ఆయన భార్య మునిరత్నమ్మ ఒకసారి టమోటా మార్కెట్‌కు వచ్చినప్పుడు సెంటర్‌లోకి తొంగిచూసింది. కృష్ణవేణి ఆమెను కూర్చోబెట్టి, "సార్ ఇంట్లో కూడా ఇట్లనేనామ్మా?" అని అడిగింది.

"పెండ్లి సూపులకు మూడుతూర్లు వచ్చినాడు తల్లీ. అందరూ పిల్ల నచ్చలేదేమో అనుకొన్న్యారు. కాదంట. నాకు ఆయప్ప కష్టమా, ఆయప్పకు నేను కష్టమా అని సూసుకొనేదానికంట."

"ఏం తేలిందంట?"

"నలబై ఏండ్లాయ. ఇంకా సూస్తానే ఉండాడు," అంటూ మునిరత్నమ్మ సంచీ ఎత్తుకుంది.

ఇలా నవ్వుతాలుగా గడిచిపోతుండగా, రెండువేల నాలుగులో కృష్ణవేణి ఇంటికి కష్టం వచ్చింది. ఆమె తమ్ముడు హరీష్ లారీ డ్రైవరు. మదనపల్లె మార్కెట్ నుంచి టమోటా తోలేవాడు. కుప్పం దారిలో మలుపు దగ్గర లారీ బోల్తాపడి, కుడిచేతి మూడు వేళ్లు పోయాయి, మిగిలిన రెండూ ముడుచుకుపోయాయి. గాయం మానింది గానీ మనిషి మానలేదు. పుంగనూరులో అమ్మ రుక్మిణమ్మ దగ్గర, గోడ వైపు తిరిగి పడుకుని మూడు నెలలు గడిపాడు. అన్నం కలిపి పెడితే తినేవాడు. మాట్లాడమంటే కళ్లు మూసుకునేవాడు.

ఎడమ చేత్తో కంప్యూటర్ నేర్చుకుంటే సెంటర్‌లోనే పని ఉంటుందని కృష్ణవేణి వాడిని బతిమాలి పిలుచుకొచ్చింది. మౌస్ ఎడమ వైపు పెట్టింది. వేళ్లు అలవాటు పడతాయని కోటలాట పెట్టింది. మొదటిరోజు నార్మల్‌లో పెడితే, వాడి చెయ్యి మౌస్ బాణం గుర్తును కోట దగ్గరికి చేర్చేలోపలే శత్రువులు గోడ దూకేశారు. నాలుగుసార్లు ఆడాడు, నాలుగుసార్లూ అంతే. రెండోరోజు తమ్ముడి మొహం చూడలేక, ఆమె వాడు రాకముందే ఈజీలో పెట్టి ఉంచింది. హరీష్ గంటలో గెలిచాడు. తెర మీద బాణాసంచా వెలిగింది. కృష్ణవేణి చప్పట్లు కొట్టింది.

హరీష్ ఆమె వైపు తిరిగి, "యా లెవెల్ పెట్టినావక్కా?" అన్నాడు.

ఆమె చప్పట్లు ఆపేసింది.

"జాలి పడల్లంటే ఇంట్లో అమ్మ ఉండాది. దానికి ఇంత దూరం రావల్సిన పని లేదు," అని లేచి, పుంగనూరు బస్సు ఎక్కేశాడు.

నాలుగో నంబరు దగ్గర కూర్చున్న గోపాలప్ప అంతా విన్నాడు. ఆయన కోప్పడడం కృష్ణవేణి చూసింది ఆ ఒక్కసారే.

"ఈజీ పెట్టినావా? బతుకు మింద ఆశ పోయినోనికి ఈజీ పెడతారామ్మా యాడైనా?"

"నార్మల్‌లో ఓడిపోతాంటే ఏం సేసేది సార్?"

"నన్నడగల్ల. ఇంతమందికి నువ్వు నన్నడక్కుండా లెవెల్ పెట్టినా నేనేమనలేదు. ఈ పిలగాని సంగతి నన్నడగల్ల."

కృష్ణవేణికి ఒళ్లు మండింది. ఒక్క ఆట పూర్తిచేయని మనిషి తనకు పాఠం చెప్పడమా అనుకుంది. వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడలేదు. పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఐదు దాకా నాలుగో నంబరుకు అతుక్కుపోయి ఉండేవాడు. ఫ్యాన్ కూడా ముట్టలేదు. ఆమెకు వింతగా తోచిందల్లా, ఆయన లేచిపోయాక మౌస్ ఎడమ వైపు ఉండడం. తెల్లారి ఆమె కుడి వైపు పెట్టేది. సాయంత్రానికి మళ్లీ ఎడమ వైపే. అడిగితే, "భుజం పట్టేసినాది" అన్నాడు. ముసలితనానికి ఇంకేం పిచ్చి ముదిరిందో అని ఆమె వదిలేసింది.

తొమ్మిదో రోజు గోపాలప్ప సెంటర్‌కు రాలేదు. పుంగనూరు పోయాడు. అక్కడ జరిగింది తర్వాత రుక్మిణమ్మ చెప్పింది. వచ్చి ముంగిట్లో కూర్చుని, హరీష్‌ను పలకరించనైనా పలకరించకుండా, కాఫీ తాగుతూ ఆమెతోనే మాట్లాడాడట. కోటలాటలో హార్డ్ లెవెల్ తనకు లొంగడం లేదని, మదనపల్లెలో దాన్ని గెలిచే మొనగాడే లేడని, లోపల పడుకున్న మనిషికి వినపడేంత గట్టిగా బాధపడ్డాడట. రుక్మిణమ్మ అమాయకంగా, "మావోడు ఆడతాడేమో," అంటే, "వానితో కాదులేమ్మా, వాడు ఈజీ ఆడే పిలగాడు" అని లేచి వచ్చేశాడట.

మర్నాడు తొలి బస్సుకే హరీష్ దిగాడు. అక్క వైపు చూడకుండా నేరుగా నాలుగో నంబరుకు పోయి, "హార్డ్ పెట్టు" అన్నాడు.

గోపాలప్ప హార్డ్ పెట్టాడు. పెట్టి, ఎవరూ ఎప్పుడూ తెరవని ఒక మెనూ తెరిచి, అందులో ఆట వేగాన్ని బాగా కిందికి దించాడు.

"యాల తగ్గిస్తాండావు? మళ్లీ జాలా?" అన్నాడు హరీష్.

"డ్రాగన్ రాజు తెలివి తగ్గించలేదప్పా. అది హార్డే. కాళ్లు మాత్రం నిదానం సేసినా. నీ బుర్రకు లారీ పడలేదు కదా, దానికెందుకు ఈజీ? చేతికి మాత్రం రవ్వంత టైము కావల్ల. రెంటికీ ఒకే డోసు ఎట్ల తాపుతారు?"

హరీష్ ఆ రోజు ఓడిపోయాడు. మర్నాడూ ఓడిపోయాడు. కానీ ఓడిపోయి గోడ వైపు తిరగలేదు. బజ్జీ తింటూ, పడమటి గోడ దగ్గర విలుకాళ్లను పెట్టకపోవడమే తప్పని గోపాలప్పతో వాదించాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే, కృష్ణవేణి కౌంటర్ వెనక తలొంచుకుని కళ్లు తుడుచుకుంది. మూడు నెలల తర్వాత తమ్ముడు వాదించడం వినడం అదే మొదలు. ఆరో రోజు డ్రాగన్ రాజు కోట పడింది. హరీష్ కేక వేయలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "ఇంక వేగం ఒక మెట్టు పెంచు" అన్నాడు.

ఎండాకాలం నాటికి వాడు ఎడమ చేత్తో పెళ్లి శుభలేఖలు టైపు చేస్తున్నాడు. అప్పుడే ఒకరోజు కంప్యూటర్‌లో చోటు చాలక, కృష్ణవేణి నాలుగో నంబరులో దాచిన పాత ఆటలు తుడిచేద్దామని కూర్చుంది. అందులో పద్నాలుగు ఆటలు లెఫ్ట్ ఒకటి, లెఫ్ట్ రెండు అన్న పేర్లతో ఉన్నాయి. తేదీలు చూస్తే హరీష్ అలిగి పోయిన ఆ ఎనిమిది రోజులవి. తెరిచి చూసింది. మొదటి ఆరింటిలో కోట బూడిద. తర్వాత ఒక్కొక్క లెవెల్, ఒక్కొక్క వేగం. చివరి మూడింటిలో డ్రాగన్ రాజు కోట మీద జెండా ఎగురుతోంది. ఏనాడూ ఒక్క ఆట పూర్తిచేయని గోపాలప్ప, తనకు వాటం కాని ఎడమ చేత్తో మూడుసార్లు గెలిచాడు. గెలిచి, హార్డ్ లొంగలేదని పుంగనూరు పోయి చెప్పుకున్నాడు.

ఆమె హరీష్‌ను పిలిచి చూపించింది. వాడు ఆశ్చర్యపోలేదు.

"నాకు తొలిదినమే తెలుసక్కా."

"ఎట్ల?"

"ఆడతాంటే చెప్పినాడు, సిటికినవేలు కింద పోటు పుడతాది, మూడోదినానికి తగ్గిపోతాది, భయపడొద్దని. ఎడం చేత్తో ఆడనోనికి ఆ పోటు ఎట్ల తెలుస్తాది?"

"మరి తెలిసీ యాల గమ్మునున్నావు?"

హరీష్ టేబుల్ మీది శుభలేఖ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "ఆ వయసులో అంత కష్టపడి దాసిపెట్టుకున్న్యాడు. తెలిసిపోయిందని చెప్తే పాపం, సిన్నబోడా? ఆయప్ప గెలిసినాననే అనుకోనీ."

బయట కురబలకోట బస్సు ఆగింది. గోపాలప్ప దిగి, చొక్కా సర్దుకుని లోపలికి వచ్చాడు. కృష్ణవేణి చప్పున తెర ఆపేసింది. అక్కా తమ్ముళ్లు ఇద్దరూ శుభలేఖలో అచ్చుతప్పులు వెతుకుతున్నట్టు కాగితం మీదికి వంగారు. ఆయన ఇద్దరినీ అనుమానంగా చూశాడు.

"ఏంది, ఇద్దరూ నవ్వుతాండారు?"

"ఏం లేదు మామా," అన్నాడు హరీష్, పక్కకు జరిగి కుర్చీ ఇస్తూ. "పెండ్లికొడుకు పేరు తప్పు పడినాది."